ఈడు లెక్క, ఇంటి కాపుదల

అంతర్జాలమున పిల్లలకు కలుగు కీడును తప్పించు బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్న నేడు చట్టసభలలోను, న్యాయస్థానములలోను, పాఠశాలలలో జరుగు తల్లిదండ్రుల సమావేశములలోను వినవచ్చుచున్నది. వాకిట నిలిచి వయస్సు అడిగి, ఈడు చాలనివారిని వెనుకకు పంపవలసిన భారము ఆ వేదికలను నడుపు సంస్థలదే యని ఒక పక్షమువారు వాదించుచున్నారు. బిడ్డ చేతికి ఫోను ఇచ్చినది తల్లిదండ్రులే గనుక, కాచుకొనవలసినవారును వారే యని రెండవ పక్షమువారు బదులు చెప్పుచున్నారు. వినువారికి రెండు మాటలును న్యాయముగనే తోచును. అందువలననే ఈ వివాదము తెగక సాగుచున్నది.

సాధనము కొత్తదే గాని వివాదము పాతది. ఈడు చాలని బిడ్డను ఎవరు గుర్తింపవలెను, ఎవరు కాపాడవలెను, తప్పు జరిగినప్పుడు ఎవరిని అడుగవలెను అను మూడు ప్రశ్నలు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమకు ఇదివరకే ఎదురైనవి. మొదట సంస్థానముల దివాణములలోను, పిమ్మట పెండ్లిపందిళ్లలోను, ఆ తరువాత విత్తనపు పత్తిచేలలోను అవి తలయెత్తినవి. ఆ మూడు సందర్భములను వరుసగా జ్ఞప్తికి తెచ్చుకొన్నచో, నేటి వివాదమున ఏ మాట గట్టిది, ఏ మాట తాలు అనునది కొంత తేటపడగలదు.

ఈ మూడు పట్టణములు నేడు మూడు జిల్లాలకు కేంద్రములు. 2016 అక్టోబరు 11వ తేదీ వరకు ఇవి మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. జనులు మాత్రము ఆ సీమను నేటికిని పాలమూరనియే పిలుచుచున్నారు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల ప్రాంతమునకు నడిగడ్డ యని పేరు. కృష్ణకు ఈవలి గట్టున వనపర్తి, దాని కావల నల్లమల అడవి అంచు వరకు నాగర్‌కర్నూలు సీమ వ్యాపించియున్నవి. గద్వాల, వనపర్తులు నిజాము ప్రభువులకు కప్పము గట్టుచు, తమ పాలనమును తామే సాగించుకొనిన సంస్థానములు.

అట్టి సంస్థానమునకు వారసుడు బాలుడైనప్పుడు ఏమి చేయవలెను? ప్రభుత్వము దానికి ఒక యేర్పాటు చేసినది. బాలుడు యుక్తవయస్కుడగువరకు ఆస్తిని కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అను శాఖ ఆధీనమున నుంచి, లెక్కలు వ్రాయించి, చదువు చెప్పించి, ఈడు వచ్చిన పిదప అధికారమును అప్పగించుట ఆ పద్ధతి. 1923లో జన్మించిన వనపర్తి రాజా మూడవ రామేశ్వరరావు బాల్యమున ఆ సంస్థానము ఇట్టి సంరక్షణలోనే యుండెను. బంధువుల మాటను మాత్రమే నమ్మియుండక, వారసుని ఈడును ప్రభుత్వము స్వయముగా లెక్కించుకొన్నది. ఏలయన, బాలుని పేర ఆస్తి యున్నచోట ఆ బాలుని చుట్టును చేరువారి మేలును, బాలుని మేలును ఎల్లప్పుడు ఒకటి గావని అనుభవము నేర్పినది.

ఈ యేర్పాటున మనము గమనింపవలసినది మరియొకటి కలదు. ఆస్తిగల బాలుని ఈడు లెక్కకు ఎక్కినది. అదే సీమలో, అదే సంవత్సరమున, పాలేరు ఇంట పుట్టిన బాలుని ఈడు ఏ లెక్కకును ఎక్కలేదు. ఊరిలో అడిగినచో, మూసీ వరద వచ్చిన యేడు పుట్టినాడనియో, రజాకార్ల కాలమునకు నడక నేర్చినాడనియో, పోలీసు చర్య నాటికి పశువుల గాచుచుండెననియో చెప్పుచుండిరి. బడిలో చేర్చునప్పుడు బాలుడు కుడిచేతిని తలమీదుగా పోనిచ్చి ఎడమచెవిని అందుకొన్నచో, ఐదేండ్లు నిండినవని ఉపాధ్యాయుడు నిర్ణయించుట మన పెద్దలెరిగినదే. పుట్టిన తేదీని గూడ ఆయనయే ఊహించి వ్రాయుచుండెను. మన పల్లెలలో పెద్దవారనేకుల ధ్రువపత్రములలో జన్మదినము బడి తెరచు జూను, జూలై మాసములలోనే యుండుటకు ఇదియే కారణము. జనన మరణములను తప్పక నమోదు చేయింపవలెనని దేశమంతటికిని ఒకే చట్టము 1969లో వచ్చినది. 2023 అక్టోబరు 1వ తేదీ తరువాత పుట్టినవారికి బడి ప్రవేశము మొదలుకొని పలు కార్యములకు జనన ధ్రువపత్రమే ప్రధాన సాక్ష్యమైనది. ఈడు లెక్క యనునది సామాన్యుని ఇంటికి వచ్చి అట్టే కాలము కాలేదన్న మాట.

ఇక పెండ్లిపందిళ్ల సంగతి. బాల్యవివాహములను అరికట్టుటకై హరబిలాస్ శారదా ప్రతిపాదించిన చట్టము 1929లో ఆమోదము పొంది, 1930 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. బాలికకు 14, బాలునికి 18 ఏండ్లు నిండవలెనని దాని నియమము. ఆమోదమునకును అమలునకును నడుమనున్న ఆరు మాసములలో, గడువు దాటకుండ పెండ్లిండ్లు ముగింపవలెనని దేశమున పలుచోట్ల తల్లిదండ్రులు తొందరపడిరి. తొట్టెలోని పాపలకును తాళి గట్టించిన వారు గలరు. చట్టము వచ్చుచున్నదని తెలిసి, చట్టము మాన్పదలచిన పనినే ముందుగా చేసివేసిరి.

ఆ చట్టము వర్తించినది బ్రిటిష్ ఇండియాకే. నిజాము రాజ్యమైన పాలమూరునకు అది వర్తింపలేదు. కోస్తా జిల్లాలవారికి వేరొక తోవ దొరికెను. గోదావరి తీరముననున్న యానాము ఫ్రెంచివారి ఏలుబడిలో నుండుటచే, చుట్టుపట్ల తెలుగువారు పిల్లలను అచటకు గొనిపోయి పెండ్లిండ్లు చేసికొనివచ్చుచుండిరి. ఎల్ల దాటిన చట్టము లేదు. పెండ్లి మాత్రము చెల్లును. నేడు ఒక దేశమున ఫోనులో వయస్సు అడుగగనే, వి.పి.ఎన్. అను ఉపాయముచే తాము వేరొక దేశముననున్నట్లు చూపి బాలురు లోపలికి పోవుచున్నారు. బ్రిటనులో 2025 జూలై 25వ తేదీనుండి అశ్లీల స్థలముల వాకిట వయస్సు తనిఖీ నిర్బంధము కాగానే ఇట్టి ఉపాయములకు గిరాకి ఒక్కమారుగా పెరిగినది. యానాము దారిని నడచినవారికిని వీరికిని భేదము వాహనమున మాత్రమే. అయినను ఒక తేడా మరువరాదు. నాడు బిడ్డను ఎల్ల దాటించినది తండ్రి. నేడు తండ్రికి తెలియకుండ బిడ్డయే దాటుచున్నాడు.

శారదా చట్టము బలహీనతలు ఎల్లలతోనే ముగియలేదు. చట్టమునకు విరుద్ధముగ జరిగిన పెండ్లి శిక్షార్హమే గాని చెల్లనిది కాదు. పోలీసులు తమంత తాము పట్టుటకు వీలులేదు. ఎవరైన న్యాయస్థానమున ఫిర్యాదు చేయవలెను. అదియు ఏడాదిలోపల. ఫిర్యాదు చేయువాడు నూరు రూపాయలవరకు పూచీకత్తు వ్రాసి యీయవలెను. ఇరుగుపొరుగువారి యింటి పెండ్లిపై, తన చేతి రొక్కము నొడ్డి, న్యాయస్థానమున కెక్కువాడు ఊరికి ఎందరుందురు? బిడ్డ తరపున నోరు విప్పవలసినది తల్లిదండ్రులు. నేరము చేసినవారును తల్లిదండ్రులే. కంచెయే చేను మేసిన చోట చేను ఎవరితో మొరపెట్టుకొనగలదు?

నిజాము రాజ్యమున ఈ మేలుకొలుపు చట్టము ద్వారా గాక, సభల ద్వారా, పత్రికల ద్వారా వచ్చెను. నడిగడ్డ బిడ్డయైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. 1930లో జోగిపేటలో జరిగిన నిజామాంధ్ర మహాసభకు ప్రథమాధ్యక్షులు వారే. ఆ సభలతో పాటు మహిళా సభలును జరిగెను. స్త్రీవిద్య, సంఘ సంస్కారము అచట చర్చింపబడెను. ప్రతాపరెడ్డిగారు 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికై, మరుసటి యేట కీర్తిశేషులైరి. వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. రాజుల యుద్ధములను విడిచి, జనుల తిండిని, బట్టను, ఆటపాటలను, ఆచారములను చరిత్రగా వ్రాసిన గ్రంథమది. ఆచారము మారనిదే చట్టము ఇంటిలోనికి పోలేదని ఆ తరమువారు బాగుగ నెరిగియుండిరి.

వారి యెరుక సత్యమే గాని, ఆచారము తనంత తాను మారునని కూర్చుండుటయు తగదు. బాలికల వివాహ వయస్సు 1949లో 15కును, 1978లో 18కిని పెంచబడెను. 2006 నాటి కొత్త చట్టము 2007 నవంబరునుండి అమలునకు వచ్చి, బాల్యవివాహమును ఆపించుటకు ప్రత్యేకాధికారులను నియమించెను. తెలంగాణ ప్రభుత్వము 2014లో ప్రారంభించిన కల్యాణలక్ష్మి పథకమున, వధువునకు 18 ఏండ్లు నిండినవని సాక్ష్యము చూపినగాని ధనసహాయము అందదు. ఇది శిక్షించు తనిఖీ గాదు, లాభము చూపు తనిఖీ. తండ్రి తానుగా బిడ్డ ఈడును లెక్కించుకొనునట్లు చేసిన ఉపాయమిది. శిక్షతో కానిది కొన్నిచోట్ల ఇట్టి ఉపాయముతో నెరవేరవచ్చును.

ఇచట ఒక్క క్షణము ఇంగ్లండునకు పోయి రావలెను. ఏలయన, ఈడును పరీక్షించి పిల్లలను పనినుండి తప్పింపవలెనను యత్నము మొదట పెద్దయెత్తున జరిగినది అచటనే. 1833 నాటి ఫ్యాక్టరీ చట్టము, బట్టల మిల్లులలో 9 ఏండ్లలోపు పిల్లలను పనికి పెట్టరాదనెను. 13 ఏండ్లలోపు వారికి వారమునకు 48 గంటలకు మించి పని చెప్పరాదనెను. కాని ఆ దేశమున జననములను ప్రభుత్వము నమోదు చేయుట 1837 జూలైలో గాని మొదలు కాలేదు. కావున వైద్యుడు బిడ్డను చూచి, తొమ్మిదేండ్ల వానికుండు పుష్టియు రూపమును గలవని ధ్రువపత్రము వ్రాసి యిచ్చుచుండెను. ఎత్తును కొలిచి చూచిరి. 1837లో ఎడ్విన్ సాండర్స్ అను దంతవైద్యుడు పండ్లను బట్టి ఈడు నిర్ణయించుట మేలని ఒక చిన్న పుస్తకమునే ప్రకటించెను. బిడ్డ కూలితో ఇల్లు గడుపుకొను తల్లిదండ్రులు ఈడును హెచ్చించి చెప్పుచుండిరి. పిల్లల చౌక కూలితో మిల్లు నడుపు యజమానులు లోతుగా విచారింపకుండిరి. నేడు కొన్ని సంస్థలు ముఖచిత్రమును యంత్రమునకు చూపి, వయస్సును అంచనా కట్టుచున్నవి. చెవి నందుకొనుట, పండ్లు చూచుట, ముఖము చూచుట - ఈ మూడును ఒక జాతివే. అంచనా ఎంత సూక్ష్మమైనను అంచనాయే. అది కొందరు పెద్దలను వెలుపల నిలుపును. కొందరు పిల్లలను లోపలికి విడుచును.

మరల నడిగడ్డకు వత్తము. 1970లో సూరత్‌నందు డాక్టర్ సి. టి. పటేల్ రూపొందించిన హెచ్-4 ప్రపంచమున వాణిజ్య సాగునకు వచ్చిన మొదటి సంకర పత్తి. సంకర విత్తనము ప్రతి యేటను కొత్తగా పండింపవలెను. ఆ పని ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వ్యాపించి, గద్వాల ప్రాంతము సీడు పత్తికి పేరుపొందెను. సాయంకాలము ఒక్కొక్క మొగ్గను విప్పి కేసరములను తొలగింపవలెను. మరునాటి ఉదయము మగపూవు పుప్పొడిని దానికి అద్దవలెను. క్రాసింగు అని వాడుకలోనున్న ఈ పని యంత్రమునకు లొంగదు. మాసముల తరబడి ప్రతిదినము చేయవలసినది. దీనికై వేల సంఖ్యలో బాలికలను బడి మాన్పించి చేలకు తెచ్చిరి. తల్లిదండ్రులకు ముందుగనే అప్పు ఇచ్చి, ఆ అప్పును బిడ్డ కూలితో తీర్చుకొను పద్ధతి యుండెను.

1986 నాటి బాలకార్మిక చట్టము అప్పటికే కలదు. 14 ఏండ్ల హద్దును అందరెరుగుదురు. అయినను, తప్పు ఎవరిదని అడిగినప్పుడు వచ్చిన సమాధానములను చూడుడు. మేము విత్తనము కొనువారమే గాని కూలీలను పెట్టువారము గామని కంపెనీ చెప్పెను. నేను నడుమ నిలిచి పెట్టుబడి తెచ్చి యిచ్చువాడనని ఆర్గనైజరు చెప్పెను. కంపెనీ కట్టిన ధరకు పెద్ద కూలీలను పెట్టుకొనలేననియు, తల్లిదండ్రులే పిల్లలను తెచ్చి విడిచిరనియు రైతు చెప్పెను. ఇంటిలో పొయ్యి వెలుగవలెను గదా యని తల్లి చెప్పెను. నలుగురి మాటలోను కొంత నిజమున్నది. నలుగురి మాటలను కలిపి చూచినచో, బిడ్డకు బాధ్యుడు ఒక్కడును మిగులలేదు. 2000వ సంవత్సరము తరువాత పరిశోధకులును, స్వచ్ఛంద సంస్థలును ఈ విషయమును వెలుగులోనికి తెచ్చి, విదేశములలో గూడ ప్రశ్నలు లేచిన పిమ్మట, కంపెనీలు ఒప్పందపత్రములలో పిల్లలను పెట్టరాదను షరతు చేర్చినవి. కాని షరతు వ్రాసినంతమాత్రమున సరిపోలేదు. విత్తనమునకు కట్టు ధర, పెద్దవారి కూలికి సరిపడునట్లుండనిదే ఆ షరతు కాగితముననే నిలుచును.

నేటి వివాదమునకు ఈ గొలుసుకంటె దగ్గరి పోలిక వేరు లేదు. మా వేదిక పదమూడేండ్లు నిండినవారికే యని సంస్థ చెప్పుచున్నది. పిల్లవాడు పుట్టిన సంవత్సరమును మార్చి వ్రాసినచో మేమేమి చేయుదుమనుచున్నది. మేము పరికరమును మాత్రమే అమ్ముచున్నామని ఫోను చేయువాడు చెప్పుచున్నాడు. బడి పాఠములు ఫోనులోనే వచ్చుచున్నవి, ఎట్లు తీసికొందుమని తల్లి చెప్పుచున్నది. మరల గొలుసు చివర బిడ్డ ఒంటరిగా నిలిచియున్నది. పత్తిచేనిలో లాభము ఎటు పోయెనో చూచినట్లే, ఇచటను చూడవలెను. బిడ్డ కన్ను తెరమీద ఎంతసేపు నిలుచునో అంత ఆదాయము వచ్చు వ్యాపారమిది. ఆ లాభము పొందువాడు, వాకిట ఒక ప్రశ్న అడిగితినని చేతులు దులుపుకొనుట, ఒప్పందపత్రమున ఒక షరతు వ్రాసి చేతులు దులుపుకొనుటతో సమానమే.

తల్లి చెప్పిన మాటను తేలికగా త్రోసిపుచ్చరాదు. కరోనా మహమ్మారి కాలమున బడులు మూతపడగా, తెలంగాణలో 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ వాహినుల ద్వారాను, ఫోనుల ద్వారాను పాఠములు చెప్పబడెను. బిడ్డకు ఫోను కొనియిమ్మని నాడు చెప్పినది లోకమే. మేకనో, పుస్తెలలోని గుండునో అమ్మి ఫోను కొన్నవారిని, బిడ్డకు ఫోను ఏల ఇచ్చితివని నేడు నిలదీయుట న్యాయము గాదు. పాలమూరు వలసలకు పేరుపడిన సీమ. బొంబాయికి, పూనాకు, హైదరాబాదునకు కట్టడపు పనికి పోయిన తల్లిదండ్రులు బిడ్డను అవ్వ వద్ద విడిచినప్పుడు, ఆ బిడ్డకు తల్లి గొంతు వినిపించునది ఫోనే. తల్లి ముఖము చూపునదియు ఫోనే. దానిని లాగుకొనుము అని సలహా చెప్పుట సులభము. అవ్వకు ఆ తెర చదువుట రాదు. తల్లికి ఆ ఊరు చేరుట కాదు.

ఇట్టి స్థితిలో చట్టములు ఏమి చెప్పుచున్నవి? అమెరికాలో 1998లో చేసిన చట్టము, 13 ఏండ్లలోపు పిల్లల వివరములు సేకరించుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనన్నది. ఆ తరువాత పలు వేదికలు పదమూడేండ్లను హద్దుగా పెట్టుకొన్నవి. పుట్టిన సంవత్సరమును మార్చి వ్రాయుట పిల్లలకు మొదటి విద్య యైనది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10వ తేదీనుండి 16 ఏండ్లలోపు వారికి సామాజిక మాధ్యమములలో ఖాతాలు ఉండరాదు. అచట జరిమానా, నాలుగుకోట్ల తొంబదియైదు లక్షల ఆస్ట్రేలియా డాలర్లవరకు, సంస్థలకే గాని తల్లిదండ్రులకును పిల్లలకును గాదు. మన దేశమున 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లలోపు వారందరిని పిల్లలుగా లెక్కించి, వారి వివరములను వాడుటకు సరిచూడదగిన తల్లిదండ్రుల సమ్మతి కావలెననుచున్నది. పిల్లల పోకడలను వెంటాడి గమనించుటను, వారిపై గురిపెట్టి ప్రకటనలు చూపుటను నిషేధించుచున్నది. ఈ విధులను మీరినచో జరిమానా 200 కోట్ల రూపాయలవరకు పడవచ్చును. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. ముఖ్య విధుల అమలునకు 18 నెలల గడువు ఈయబడినది.

మన చట్టమున రెండు మార్గములును కలిసియున్నవి. వయస్సు అడుగుటయు కలదు, తల్లిదండ్రుల సమ్మతియు కలదు. అయినను పాలమూరు చరిత్ర తెలిసినవారికి మూడు సందేహములు కలుగక మానవు. మొదటిది, ఒక మనిషికి ఒక ఫోను అను ఊహ. పల్లెలో ఒకే ఫోనును అవ్వయు, కోడలును, మనుమరాలును వాడుదురు. తెర వెనుకనున్నది ఎవరో ఆధారు సంఖ్య చెప్పజాలదు. రెండవది, సాక్ష్యమును ఎవరు దాచుదురనుట. బిడ్డ ఈడు తెలియవలెనన్నచో పెద్దలందరును తమ ఈడును చూపవలసియుండును. ఏకాంతము ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. ఈడు తెలిసికొని, మిగిలిన వివరములను మరచిపోవు విధానమునే మనము కోరవలెను.

మూడవ సందేహము అన్నిటికంటె బరువైనది. ప్రతి తలుపునకును తాళపుచెవి తల్లిదండ్రుల చేతనే యుంచినచో, తల్లిదండ్రులే ఆపద యైన బిడ్డకు తలుపు ఏది? పదియేడేండ్ల బాలికకు ఇంటిలో పెండ్లి నిశ్చయింపబడినదని తలచుడు. ఆమె చదువుకొనగోరుచున్నది. ఆమెకు దారి చూపునది ఒక స్నేహితురాలి సందేశము కావచ్చును, పిల్లల సహాయమునకై యున్న 1098 సంఖ్య కావచ్చును, చట్టము ఏమనునో తెలుపు ఒక పుట కావచ్చును. ఎనిమిదేండ్ల బాలునికి తగిన కట్టడి ఆమెకు తగదు. 1929లో శారదా చట్టము తండ్రిని నమ్మక తప్పని స్థితిలో చతికిలబడెను. శతాబ్దము తరువాత మనము మరల సర్వమును తండ్రి సమ్మతికే ముడివేసినచో, ఆ బాలికకు చేసిన మేలేమి?

అట్లని తల్లిదండ్రుల బాధ్యత తగ్గునని మేము చెప్పుటలేదు. సరిగా విచారించినచో, అది ధ్రువపత్రముతో తీరునది కాదు. పిల్లల చదువు విషయమున ఈ సీమకు పొరుగుననే ఒక నిదర్శనము కలదు. రంగారెడ్డి జిల్లాలో 1991 ప్రాంతమునుండి మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను, శాంతా సిన్హాగారి నేతృత్వమున, పనిలోనున్న పిల్లలను బడికి మరల్చు ఉద్యమమును నడపెను. ఆమెకు 2003లో మెగసెసే బహుమానము లభించెను. పేద తల్లిదండ్రులకు పిల్లలను చదివింపవలెనను కోరిక లేదను మాటను ఆ ఉద్యమము అంగీకరింపలేదు. కోరిక కలదు, తోడ్పాటు లేదు అనినది. ఉపాధ్యాయుడు, పంచాయతీ సభ్యుడు, ఊరి యువకుడు ఇంటింటికి పోయి అడుగగా, తల్లి నిలబడగలిగెను. రైతు వచ్చి అప్పు మాట యెత్తినప్పుడు ఆమె ఒంటరి కాలేదు. బిడ్డను కాపాడినది కేవలము చట్టము గాదు, కేవలము తల్లియు గాదు. చట్టమును చేతబట్టుకొని తల్లి ప్రక్కన నిలిచిన ఊరు.

ఈ చరిత్రనుండి నేటి వివాదమునకు మనము తీసికొనవలసిన తీర్పు ఇది. బిడ్డవలన లాభము పొందువాడే బిడ్డ ఈడును విచారించు భారము మోయవలెను. మిల్లు యజమానికిని, విత్తన కంపెనీకిని వర్తించిన ధర్మము తెరల వ్యాపారికిని వర్తించును. వాకిట అడుగుటతో అతని పని తీరదు. లోపలనున్న సరకు బిడ్డకు హాని చేయకుండునట్లు కూర్చుటయు అతని విధియే. ఏలయన, ఎంతటి కావలి యున్నను కొందరు పిల్లలు లోపలికి వత్తురు. తల్లిదండ్రుల పని ఈడు చెప్పుట గాదు, తోడుండుట. ఈ దినము ఫోనులో ఏమి చూచితివని భయపెట్టక అడుగుట, చెడ్డది కనబడినదని బిడ్డ చెప్పినప్పుడు ఫోను లాగుకొని కొట్టక వినుట, చదువు రాని తల్లియు చేయగల పనులు. కొట్టినచో బిడ్డ మరియొకమారు చెప్పదు. ఊరి పని, ఆ తల్లికి తెలియనిదానిని తెలుపుట. బడిలో ఉపాధ్యాయుడు, అంగన్‌వాడి కార్యకర్త, మహిళా సంఘము, గ్రంథాలయము ఇందుకై యున్నవి.

వనపర్తి బాలరాజునకు ఆస్తి యుండుటచే ప్రభుత్వము సంరక్షకుడాయెను. పాలేరు బిడ్డకు ఆస్తి లేకపోవుటచే నాడెవ్వరును లెక్క వ్రాయలేదు. నేడు ప్రతి బిడ్డ చూపును, సమయమును, ఇష్టానిష్టములును అమ్ముడుపోవు సొత్తైనవి. సొత్తు పుట్టినది గనుక, దానిని ఆశించువారును బిడ్డ చుట్టు చేరియున్నారు. నాడు ఒక్క రాజకుమారునికి చూపిన జాగ్రత్తను, నేడు నడిగడ్డలోను నల్లమల అంచునను పుట్టిన ప్రతి బిడ్డకును చూపవలసిన కాలము వచ్చినది. ఈడు లెక్క అందులో మొదటి మెట్టు మాత్రమే. మిగిలిన మెట్లు ఇంటిలోను, బడిలోను, ఊరిలోను ఉన్నవి.